మోటార్ గ్లైడర్ కొంటున్న మేనకోడలికి

దేవరకొండ

శ్రావణీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఇంజనున్న గ్లైడర్ కొంటదట, నువ్వన్నా చెప్పు తమ్ముడూ" అని ఏడ్చినంత పని చేసింది. ఆమెకు ధైర్యం చెప్పి ఫోన్ పెట్టాక నాకే అన్నం సయించలేదు. సంతోషం లేక కాదు బిడ్డా. నాలుగేళ్ల పిల్లవు, మా డాబా మీద నిలబడి, ఖిలా మీద రెక్క ఆడించకుండా తిరిగే గద్దను చూపించి "మామా, దానికి ఇంజను ఏడుంది?" అని అడిగావు. ఇప్పుడు జర్మనీలో, ఆ గద్దలాగే గాలి మీద తేలే 18 మీటర్ల రెక్కల గ్లైడర్‌కు బేరమాడుతున్నావు.

కొనొద్దని అనను. గ్లైడర్‌ను తాడుతో పైకి లాగే వించ్ దగ్గర ఎండలో ఏళ్లకేళ్లు నిలబడ్డవాణ్ణి, తనంతట తానే లేచే గ్లైడర్ ఎంత సుఖమో తెలుసు. తాడు తెగిందనో, లాగే విమానం ఖాళీ లేదనో పూట పోగొట్టుకోనక్కరలేదు. సాయంత్రం ఎక్కడో చేన్లో దిగి, గ్లైడర్‌ను మోసుకెళ్లే ట్రెయిలర్ కోసం అర్ధరాత్రి దాకా కూర్చునే బాధా చాలావరకు తప్పుతుంది.

ధర ఒక్కటే చూడకు. హ్యాంగర్, ఇన్సూరెన్స్, ఏటేటా తనిఖీ ఉంటాయి. స్నేహితుడితో సగం సగం కాబట్టి రిపేరు లెక్క మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. లాగ్‌బుక్‌లో ఇంజను తిరిగిన గంటలు తక్కువున్నాయని మురిసిపోకు. వాడని ఇంజనే ఎక్కువ సతాయిస్తుంది. రబ్బరు పైపులు, బెల్టు, పెట్రోలు పంపు ఎప్పుడు మార్చారో అడుగు. ఇంజను బరువు వల్ల, థర్మల్, అంటే వేడెక్కి పైకి లేచే గాలి, బలహీనంగా ఉన్న రోజు తేలిక గ్లైడర్లు నీ కళ్ల ముందే పైకి పోతాయి, నువ్వు కిందే తిరుగుతావు. దానికి మనసు పాడు చేసుకోకు.

ముక్కులోనే ఇంజనుండే ఫాల్కె రకం 1963 నుంచి ఉంది. ఇంజను మడిచి లోపల పెట్టే బెడద లేదు, గాలిలో స్టార్ట్ చేయడమూ తేలిక. కానీ ఇంజను ఆపితే ఎక్కువ దూరం జారదు. నీకు దూరాలు కావాలి, అది చాలదు.

ఇక అసలు సంగతి. 1994 ఏప్రిల్‌లో నేను పరాయి రాష్ట్రంలో ఇన్‌స్ట్రక్టర్‌ని. నువ్వు కొనే రకమే, వెనుక నుంచి ఇంజను పైకి లేచేది. ఒక్కణ్ణే ఉన్నాను. నాలుగు దాటాక థర్మల్స్ సన్నబడ్డాయి. మామూలు గ్లైడరైతే 2,000 అడుగుల్లోనే దిగడానికి చేను వెతుక్కునేవాణ్ణి. ఇంజనుంది కదా అని వెతకలేదు. 900 దాకా సాగదీసి అప్పుడు స్విచ్ వేశాను. ప్రొపెల్లర్ లేచి నిలబడగానే, పరుగెత్తే బండిలో తలుపు తెరిచినట్టు గాలి అడ్డం పడింది. ఇంజను లోపలుంటే వెయ్యి అడుగుల నుంచి 15 కిలోమీటర్లు జారే గ్లైడర్, అది బయట నిలబడి తిరగకపోతే ఆరు కిలోమీటర్లు వస్తే గొప్ప. బటన్ నొక్కాను. స్టార్టర్ తిరిగింది, ఇంజను అందుకోలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ. కళ్లు అద్దంలో ప్రొపెల్లర్ మీదే ఉన్నాయి. నేల వైపు చూసేసరికి 300 అడుగులు. ఎదురుగా జొన్న కోసిన చేను, నడుమ గట్టు. దాటించలేకపోయాను.

దుమ్ము దిగాక కదల్లేక కూర్చుని చూస్తే, ఎడమ పక్కన, ఇంజనుకు పెట్రోలు వదిలే కాక్ ఎర్ర పిడి అడ్డంగా, మూసి ఉంది. పైకి వెళ్లి ఇంజను మడిచాక, లోపల పెట్రోలు వాసన వస్తోందని నేనే మూశాను.

వెన్నులో ఒక పూస నలిగింది. మూడు నెలలు మీ అత్త నన్ను పక్కకు తిప్పుతూ ఒక్క మాట అనలేదు. మీ అమ్మకు మాత్రం ఇంజను చెడిపోయిందనే చెప్పాను. ఇన్నేళ్లూ ఆమె ఇంజనును తిడుతుంటే వింటూ ఊరుకున్నాను. ఇవాళ ఆమె ఏడుపులో సగం నా అబద్ధం వల్లే. ఈ వారం పోయి నిజం చెప్పి వస్తాను.

నువ్వు మాత్రం 2,000 అడుగుల్లో చేను చూసుకో. వెయ్యికి దిగకముందే, ఆ చేను దగ్గరే ఉండి ఇంజను తీయి. ఒకసారి, రెండుసార్లు నొక్కు. అందుకోకపోతే దాన్ని వదిలేసి దిగు. మూడోసారి నొక్కావని తెలిస్తే నీతో మాట్లాడను. నీకు తెలివి ఎక్కువ, నాకదే భయం. నాకూ అప్పుడు తెలివి ఎక్కువే ఉండేది. కరెంటుతో నడిచేదైనా ఇదే మాట.

ఎప్పుడైనా గడ్డిలో దిగాల్సి వస్తే సిగ్గుపడకు. అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, ట్రెయిలర్ వచ్చేదాకా మాట్లాడుతూ ఉంటాను.

గ్లైడర్ ఫొటోలు తర్వాత పంపవచ్చు. ముందు కాక్‌పిట్‌లో కూర్చుని, పెట్రోలు కాక్ తెరిచి ఒక ఫొటో, మూసి ఒక ఫొటో తీసి పంపు. పిడి ఎటుందో నేను చూడాలి.

పైలం బిడ్డా.

మీ మామ