పెళ్లి పటం రాయించాలంటే

ప్రశ్న: మా చెల్లెలి వివాహం వచ్చే మాఘమాసంలో హనుమకొండలో జరగనున్నది. వరుడిది కరీంనగర్. వారి పెళ్లిని చేర్యాల బొమ్మల పద్ధతిలో రాయించి కానుకగా ఇవ్వాలని నా కోరిక. ఫొటోలు పంపితే ముఖాలు అచ్చం అలాగే దింపుతారా? ఎంత ముందుగా చెప్పాలి? మేము పద్మశాలీలము. కూనపులివారు పటం విప్పి కథ చెప్పేవారని మా తాతయ్య అనేవారు. ఆ పటానికీ, ఈ బొమ్మలకూ సంబంధం ఉన్నదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదాన్ని ముందుగా అందుకుంటాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలకు దారి అక్కడే ఉన్నది. మీ తాతగారు చెప్పిన పటాలు నకాషీలు, అంటే చేర్యాల బొమ్మలు వేసే చిత్రకారులు, రాసినవే. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్నీ, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్నీ చెప్పడానికి నకాషీల ఇంటికి వెళ్లి, తమ కథకు తగినట్లుగా పటాన్ని పురమాయించి రాయించుకునేవారు. సుమారు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులకు పైబడిన పొడవు గల ఆ గుడ్డ మీద పైన వినాయకుడితో మొదలై, పూల అంచులతో విడదీసిన అరల్లో కథ కిందికి దిగుతుంది. అంటే కథ తెచ్చేది అడిగినవారు, బొమ్మ కట్టేది నకాషీ. మీరు చేయబోయేదీ అదే పని.

కాబట్టి ఫొటోల కంటే ముందు కథను సిద్ధం చేసుకోండి. నా అభిప్రాయంలో నాలుగైదు ఘట్టాలు చాలు: ఐరేని కుండలు తేవడం, ఎదుర్కోళ్లు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. ఇంకొక్క అర ఇవ్వగలిగితే, వినాయకుడి కిందనే భావనారుషి, సూర్యుని కుమార్తె భద్రావతుల కల్యాణాన్ని రాయించండి. మీ కులపురాణంలోని పెళ్లి కిందనే మీ చెల్లెలి పెళ్లి ఉండడం ఆ పటానికి ఎంతో నప్పుతుంది. ఇది మీ కులంవారికి తప్ప మరొకరికి కుదిరే ఆలోచన కాదు.

ముఖాల విషయంలో ఆశ తగ్గించుకోక తప్పదు. ఈ బొమ్మల్లో కళ్లు పెద్దవిగా, కోలగా ఉంటాయి. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు వంటి రంగులు కూడా పాత్రను బట్టి వచ్చేవే తప్ప పోలికను బట్టి కావు. ఫొటోను ముందు పెట్టి అలాగే దింపమని పట్టుబడితే అటు ఫొటోగానూ, ఇటు పటంగానూ కాని బొమ్మ చేతికి వస్తుంది. అటువంటి దానిని నేను ఒక బంధువుల ఇంట చూశాను. వారు దానిని హాలులో కాక మెట్ల పక్కన వేలాడదీశారు. పోలికకు బదులు గుర్తులు చెప్పండి. మీ చెల్లెలికి కళ్లజోడు ఉంటే అది, కాబోయే మరిదికి మీసకట్టు ఉంటే అది, ఇంట్లో మగ్గం ఉంటే ఒక మూలన దానిని చేర్చమనండి. చూసినవారు గుర్తుపట్టడానికి అంతకు మించి అవసరం లేదు.

ఒక చిన్న హెచ్చరిక. చేర్యాల పటానికి నేపథ్యం ఎరుపు. పెళ్లికూతురు ఎర్ర పట్టుచీర కట్టుకోబోతున్నదని మీరు అదే రంగు అడిగితే మనిషి గుడ్డలో కలిసిపోతుంది. తెల్లని మధుపర్కాలలో రాయించడం మేలు; ఎరుపు మీద తెలుపు ఎంత దూరం నుంచైనా కనబడుతుంది.

వ్యవధి విషయానికి వస్తే, ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూతను ఒకదాని తరువాత ఒకటి ఆరబెడుతూ వేస్తారు. ఆ తరువాతనే కుంచె పట్టడం, ఎరుపు నింపడం, ఒంటిరంగులు, నగలు, చివరకు నల్లగీత. ముసురు పడితే ఆరడం ఆలస్యం. మాఘమాసం పెళ్లికి దసరా నాటికే బయానా ఇచ్చి రావడం మంచిది. ధర కొలతను బట్టి, బొమ్మల సంఖ్యను బట్టి, మట్టిరంగులా, కొన్న రంగులా అన్నదానిని బట్టి మారుతుంది. ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. 2016 దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలకు జనగామ మీదుగా స్వయంగా వెళ్లడం ఉత్తమం. గుడ్డ మీద ముందుగా వేసిన గీతలను చూసి సరేనన్న తరువాత మార్పులు అడగకండి.

పటాన్ని మడవకుండా చుట్టి తెచ్చుకోండి, తడిగుడ్డతో తుడవకండి, అద్దం బిగించి ఎండ తగలని గోడకు పెట్టండి. పేర్లు, ముహూర్తపు తేదీ ముందువైపు రాయిస్తే శుభలేఖలా కనబడుతుంది. వాటిని గుడ్డ వెనుక, నకాషీ చేతనే, ఆయన పేరుతో సహా రాయించుకోండి.