భోజ్‌పురి పాటలంటే ఆ డీజే పాటలేనా?

యూట్యూబ్‌లో భోజ్‌పురి అని కొడితే డబుల్ మీనింగ్ పాటలే వస్తున్నాయి, అసలైన జానపదం అంటూ ఉందా, ఉంటే ఎక్కడ వినాలి అని అడిగారు. మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని బిహార్‌లోని ఛప్రాలో కొన్నేళ్లు కాపురం చేశాను కాబట్టి చెబుతున్నా. ఆడవాళ్లం కాబట్టి ఇరుగుపొరుగు ఇళ్లలో లోపలి వాకిలిదాకా చనువుగా వెళ్లిపోయేవాళ్లం. పాటలన్నీ అక్కడే ఉండేవి.

ముందు బూతు సంగతి తేల్చేద్దాం. భోజ్‌పురి జానపదంలో బూతే లేదని ఎవరైనా అంటే నమ్మకండి. పెళ్లిలో ‘గారీ’ పాడతారు, అంటే తిట్లపాట. మగపెళ్లివారు భోజనాలకి కూర్చోగానే ఆడపెళ్లివారి తరఫు ఆడవాళ్లు కొంగు ముసుగేసుకుని తలుపు చాటున చేరి అందుకుంటారు. పెళ్లికొడుకు తండ్రి, బాబాయిలు, వాళ్ల అక్కచెల్లెళ్లు, ఎవ్వర్నీ వదలరు. మా పక్కింటి పెళ్లిలో అయితే ఒక పిల్లని ముందే విడిదికి పంపి పేర్లు కనుక్కు రమ్మన్నారు. పేరు తెలియకపోతే తిట్టు అతకదుగా! కొన్ని వినలేనంత పచ్చిగా ఉంటాయి. వియ్యంకుడు మాత్రం పూరీ నములుతూ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. గారీ పాడకపోతేనే తమకి మర్యాద జరగలేదని అలుగుతారని మా ఇంటి ఓనరమ్మ చాచీ చెప్పింది. మన పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఎకసెక్కాలాడే పాటలు విన్నవాళ్లకి ఇదేం కొత్త కాదు, కాకపోతే కారం బాగా ఎక్కువ.

ఇక్కడ తిట్టేది ఆడవాళ్లు, పడేది మగపెళ్లివారు. ఆ పూటతో సరి. క్యాసెట్ల కాలం నుంచి అదే సరసం రోజూ, నడిబజార్లో, మైకులో, ఆడవాళ్ల మీదకే తిరిగింది. షేర్ ఆటోలో ఆ పాట పెడితే కాలేజీ పిల్లలు తల దించుకుని కూర్చునేవారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మిగతా పాటలన్నీ పనికీ, రుతువుకీ ముడిపడినవే. తిరగలి దగ్గర జంతసార్, వరినాట్లప్పుడు రోపనీ, శ్రావణంలో కజరీ, చైత్రంలో చైతా. బిడ్డ పుడితే సోహర్. (ఒకప్పుడు మగపిల్లాడు పుడితేనే పాడేవారు, అదొక్కటి నాకు మింగుడు పడలేదు.) ఒక సోహర్‌లో రాముడు పుట్టిన సంబరపు విందుకి మగజింకని చంపుతారు. దాని జత ఆడజింక వచ్చి మాంసం మీరే ఉంచుకోండి, తోలైనా ఇస్తే చెట్టుకి వేలాడదీసుకుని చూసుకుంటానని కౌసల్యని వేడుకుంటుంది. ఇవ్వను, మా రాముడు ఆడుకోడానికి దాంతో ఖంజరీ (చిన్న కంజీర) చేయిస్తానంటుంది కౌసల్య. ఆ ఖంజరీ మోగినప్పుడల్లా జింక చెవులు రిక్కించి వింటుంది. పురుడింట్లో, పసివాడి పక్కన కూర్చుని పాడే పాట ఇది! రాజుగారి పండగలో ఎవరి ఉసురు పోయిందో పల్లెటూరి ఆడవాళ్లు అంత సూటిగా చెప్పేశారు.

ఇక వలస. ఒకప్పుడు కలకత్తా, అస్సాం, రంగూన్. అంతకు ముందు కూలి ఒప్పందాల మీద మారిషస్, ఫిజీ, సూరినామ్, ట్రినిడాడ్. మారిషస్‌కి వెళ్లినవాళ్లు దాచుకున్న పెళ్లిపాటల సంప్రదాయం ‘గీత్ గవాయ్’ 2016లో యునెస్కో జాబితాకెక్కింది. ఇంటి దగ్గర మిగిలిపోయిన భార్యల దిగులునే భిఖారీ ఠాకూర్ (1887–1971) ‘బిదేసియా’ నాటకం చేశాడు. ఆయనది ఛప్రా ఉన్న సారణ్ జిల్లాయే, మంగలి కులం. తనూ సంపాదన కోసం ఖరగ్‌పూర్ వెళ్లి వచ్చినవాడే. ఆడవేషాలు మగవాళ్లే కట్టే ‘లౌండా నాచ్’ని జనం చిన్నచూపు చూసేవారు. ఆయన దాంట్లోనే వలస గురించీ, ఆడపిల్లల్ని ముసలివాళ్లకి డబ్బుకి కట్టబెట్టడం గురించీ ఆడించాడు. ఆయన బృందంలో ఆడవేషాలు వేసిన రామచంద్ర మాంఝీకి 2021లో పద్మశ్రీ వచ్చింది. పాలమూరు వలస పాటలు, దుబాయ్ పాటలు విన్న తెలంగాణవాళ్లకి బిదేసియా వెంటనే ఎక్కుతుంది.

సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చే ఛఠ్ పండగకి పంతులు అక్కర్లేదు, మంత్రాల చోట కూడా పాటలే. గోధుమలు కడిగి మేడమీద ఆరబోసి, పిట్టలు మూతిపెట్టకుండా కాపలా కాస్తూ పాడతారు. కొత్త మట్టిపొయ్యి మీద ఠేకువాలు (గోధుమపిండి, బెల్లం బిళ్లలు) వేయిస్తూ పాడతారు. చేటలో పళ్లు పెట్టుకుని నడుంలోతు నీళ్లలో నిలబడీ పాడతారు. ఆ పాటలకి ఇంటింటా వినిపించే గొంతు శారదా సిన్హాది. 2024లో ఛఠ్ మొదటి రోజునే, నవంబర్ 5న ఆవిడ పోయారు.

వినడానికైతే ఆవిడ పెళ్లిపాటలతో మొదలెట్టండి. కర్ణాటక సంగీతం అలవాటున్న చెవులకి బనారస్ గిరిజాదేవి కజరీలు, చైతీలు ఇంకా తేలిగ్గా పడతాయి. ఇప్పటివాళ్లలో చందన్ తివారీ బాగుంటుంది. వెతికేటప్పుడు ఉత్త ‘భోజ్‌పురి సాంగ్స్’ అని కొట్టకండి. సోహర్, కజరీ, పూర్బీ, నిర్గుణ్ అని పాట రకం పేరుతో కొడితే ఆ డీజే గోల చాలావరకు తప్పుతుంది. హైదరాబాద్‌లో ఉంటే దీపావళి తర్వాత ఆరో రోజు, ఛఠ్ సాయంత్రం హుస్సేన్‌సాగర్ వైపు వెళ్లండి, మైకులకి దూరంగా నీళ్ల దగ్గర కూర్చున్న పెద్దవాళ్ల పక్కన చేరండి.