గుడ్లగూబ ‘రెట్ట’లో పుర్రె ఎక్కడిది?

సందేహం: పాత గోపురం కింద పిల్లలు నల్లటి ఉండలు ఏరి తెచ్చారు. విప్పితే ఎముకలు! ‘గుడ్లగూబ రెట్ట’ అని బోర్డు మీద రాశాను. తోటి మాస్టారు ‘గుళిక’ అనాలంటున్నారు. ఏది ఒప్పు? – ఒక సైన్సు ఉపాధ్యాయిని

సమాధానం: రెట్ట మాత్రం కాదమ్మా. ఆవుది పేడ, గుర్రానిది లద్దె, మేకది పెంటిక, పిట్టది రెట్ట. ఇన్ని మాటలున్న భాషలో ఇప్పుడు అన్నిటికీ ‘విసర్జకం’ ఒక్కటే దిక్కయింది. గుడ్లగూబ రెట్ట సున్నం చల్లినట్టు తెల్లగా పడుతుంది. మీ ఉండ వచ్చిన దారి వేరు: అది నోట్లోంచి ఊడిపడింది.

కాబట్టి ఇక్కడి క్రియ కక్కు. పాతరూపం క్రక్కు, తమిళ కన్నడాల్లోనూ కక్కే. విషం, నిప్పులు, నురుగు అందరూ కక్కించేవే. నాకు ముచ్చటైనది ‘కక్కించు’ అన్న ప్రేరణం. తిన్న సొమ్ము కక్కిస్తాం, నిజం కక్కిస్తాం. ఆ చోట ‘వాంతి చేయించు’ పెట్టి చూడండి, నవ్వొస్తుంది. గుడ్లగూబ దగ్గర ఆ నుడికారం అక్షరాలా నిజమవుతుంది. చిన్న ఎలుకైతే అది గుటుక్కున మింగేస్తుంది. మాంసం అరుగుతుంది, బొచ్చు, ఎముకలు, పళ్లు కందనకాయలో చిక్కి ఉండకట్టి, కొన్ని గంటలకు పైకొస్తాయి. కక్కితే గాని మళ్లీ మింగలేదు. డేగా కక్కుతుంది గాని, దాని జఠరరసం ఘాటుకు ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. గుడ్లగూబ ఉండలో పుర్రె పుర్రెలాగే దొరుకుతుంది.

పిల్లలచేత విప్పించే ముందు ఉండను అల్యూమినియం రేకులో చుట్టి ఓవెన్‌లో 160 డిగ్రీల సెల్సియస్ వద్ద 40 నిమిషాలు ఉంచండి, క్రిములు చస్తాయి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, చిన్న శ్రావణంతో బొచ్చు విడదీయాలి. లెక్క పుర్రెలతోనో కింది దవడలతోనో కట్టండి. కుడి దవడలు 3, ఎడమవి 4 ఉంటే తిన్నవి కనీసం 4. కూడి 7 అనడం పొరపాటు. ముందుపళ్లకూ వెనకపళ్లకూ మధ్య ఖాళీ ఉంటే ఎలుక. ఖాళీ లేకుండా మొనదేలిన పళ్ల వరుస ఉంటే చుంచు. (చుంచెలుక అంటారు గాని, అది ఎలుక జాతి కాదు. జనం నోటిమాటను నేను దిద్దను, పాఠంలో మాత్రం చుంచు అనే రాయండి.) అయితే ఉండ నిజమంతా కక్కదు: వానపాము వంటి మెత్తటి తిండి జాడ కంటికి ఆనదు.

ఇక గుళిక. అది వైద్యుడి మాత్ర, పొలంలో చల్లే పురుగుమందు. తప్పనను గాని, నోటిదారి అందులో తెలియదు. కక్కు, ఉండ కలిపితే ఉత్వసంధి నిత్యం గనుక ‘కక్కుండ’. వ్యాకరణానికి పేచీ లేదు. వెనక బెంచీకి ‘కక్కకుండా’ అని వినబడితేనే చిక్కు. ప్రస్తుతానికి ‘కక్కిన ఉండ’ అని విడదీసి రాయండి, వాడుక కుదిరితే సంధి దానంతటదే జరుగుతుంది. ‘వమనగోళకం’ అని ఎవరైనా సూచిస్తే మాత్రం ఆ ఉత్తరం నాదాకా తేవద్దు.