టీవీ డంజన్ నడపబోయే మా చిన్నాకి

చి॥ చిన్నాకి పిన్ని ఆశీస్సులు.

ఆఫీసు ఫ్రెండ్స్ ఐదుగురిని కూర్చోబెట్టి ఎక్స్‌క్రాల్ అనే రోల్‌ప్లే ఆట (ఒక్కొక్కరూ ఒక పాత్రై, డైస్ వేస్తూ ఆడేది) ఆడించబోతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. "టీవీలో వచ్చే ఆటని టేబుల్ మీద ఆడతారట, రాక్షసులు కూడా ఉంటారట" అంది. అంతకంటే బాగా చెప్పడం నాకూ రాదులే. ఇండియానాపొలిస్‌లో ఉంటూ, ఏటా ఇక్కడ జరిగే జెన్‌కాన్ ఆటల సమ్మేళనానికొచ్చే జనాన్ని చూస్తూ, ఇంట్లో ఈ ఆటలు నడుపుతూ తెలుసుకున్నవి రాస్తున్నాను. నచ్చినవి ఉంచుకో, మిగతావి వదిలెయ్.

నీ ఫ్రెండ్స్‌కి కథ ఒక్క నిమిషంలో చెప్పెయ్. ఇది మన లోకం లాంటిదే, కాకపోతే మాయలూ మంత్రాలూ నిజం. అమెరికా ఒక సామ్రాజ్యం, దానికో చక్రవర్తి. డంజన్‌లోకి, అంటే ఉచ్చులూ రాక్షసులూ ఉన్న గదుల్లోకి, దిగి కొట్లాడటం అక్కడ పెద్ద లీగ్ క్రీడ, టీవీలో లైవ్ వస్తుంది. బ్రెండన్ లాసాల్ దీన్ని 2002లో తెచ్చాడు. ఇప్పుడు గుడ్‌మన్ గేమ్స్ వాళ్లు తమ డంజన్ క్రాల్ క్లాసిక్స్ రూల్స్ మీద కొత్తగా వేశారు. డంజన్‌కి మార్కులు వేసే అలవాటు మాత్రం అంతకంటే పాతది. 1975లో బాల్టిమోర్‌లో జరిగిన మొదటి ఆరిజిన్స్ ఆటల సమ్మేళనంలోనే, డంజన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ టోంబ్ ఆఫ్ హారర్స్ అనే డంజన్‌ని పోటీగా ఆడించాడు. తర్వాత వచ్చిన సీ1, సీ2 మాడ్యూల్స్‌లో (అచ్చేసిన డంజన్ పుస్తకాల్లో) 'సీ' అంటే కాంపిటిషనే. ఎక్స్‌క్రాల్ ఆ పోటీకి కెమెరాలు పెట్టింది, అంతే.

చిక్కంతా ఆ కెమెరాలతోనే. కొత్తగా ఆడించేవాళ్లు "జనం అరుస్తున్నారు, లైట్లు వెలిగాయి" అని వర్ణిస్తారు. పది నిమిషాలయ్యాక టేబుల్ దగ్గర ఎవరికీ ఆ జనం గుర్తుండరు. మామూలు డంజన్ అయిపోతుంది. డైస్ చేతిలోకి తీసుకున్న ఆటగాడు, వెయ్యబోయే ముందు స్టేడియం గురించి ఆలోచించాలిరా. 'ఇలా కొడితే పని అయిపోతుంది, అలా కొడితే జనం లేచి నిలబడతారు, కానీ గురి తప్పొచ్చు' అని రెండు దారులు కనపడాలి. నువ్వు ముందు ఏర్పాటు చెయ్యాల్సింది ఇదే.

నేను చేసే పద్ధతి చెప్తాను. రూల్‌బుక్‌లో ఫేమ్, మోజో లాంటి పాయింట్ల లెక్కలు ఉన్నాయి, కానీ మొదటి సెషన్‌లో అవన్నీ నేర్పబోతే అందరికీ తల వాచిపోతుంది. టేబుల్ మధ్యలో ఒక గిన్నె, అందులో చింతపిక్కలు పెట్టు. డైస్ వేసే ముందే "షో" అని ప్రకటించినవాడు డీ20 (ఇరవై ముఖాల డైస్) బదులు డీ16 (పదహారు ముఖాలది) వెయ్యాలి. ఈ రూల్స్‌లో డైస్ ఒక మెట్టు దించడం ఎలాగూ ఉంది కదా. తగిలితే గిన్నెలోంచి రెండు పిక్కలు. తగలకపోతే ఏమీ లేదు, రాక్షసుడి వంతు. ఒక పిక్క ఖర్చుపెడితే జట్టులో ఇంకొకరు డీ24 వెయ్యొచ్చు. సొంతానికి వాడుకోకూడదు. ఈ చివరి షరతు మాత్రం సడలించకు. సొంతానికి వాడుకోనిస్తే ప్రతివాడూ తన పిక్కలు దాచుకుని కూర్చుంటాడు. పక్కవాడి కోసమే అన్నప్పుడు "నాకొకటి ఇవ్వు బాబూ" అని బతిమాలడం, బేరాలు, అలకలు మొదలవుతాయి. సగం వినోదం అక్కడే.

రెండో గండం నత్తనడక. పాత డంజన్ ఆటలు ఆడినవాళ్లు ప్రతి రాయినీ పదడుగుల కర్రతో పొడిచి చూస్తారు. తప్పు వాళ్లది కాదు, ఆ ఆటలు వాళ్లకి నేర్పింది అదే. కానీ టీవీలో అది చూసేదెవరు? ఈ జబ్బు నిజమైన క్రీడలకీ వచ్చింది. 1950 నవంబరులో బాస్కెట్‌బాల్‌లో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ వాళ్లు మినియాపొలిస్ లేకర్స్‌తో ఆడుతూ బంతిని చేతిలో పట్టుకుని కాలం గడిపేశారు. స్కోరు 19–18. ఎన్‌బీఏ చరిత్రలో అంత తక్కువ స్కోరు మళ్లీ లేదు. జనం విసిగిపోతున్నారని 1954లో 24 సెకన్లలోపు బంతిని బుట్టకేసి వెయ్యాలనే గడియారం తెచ్చారు. మన కబడ్డీ లీగ్‌లో ఇంకా చక్కటి రూల్ ఉంది. వరసగా రెండు రెయిడ్లు పాయింట్ లేకుండా పోతే మూడోది డూ ఆర్ డై, అందులో పాయింట్ తేకపోతే రెయిడర్ అవుట్. నేను దాన్ని యథాతథంగా ఎత్తుకొచ్చాను. వరసగా రెండు రౌండ్లు ఎవరూ "షో" అనకపోతే మూడో రౌండ్‌లో ఎవరో ఒకరు అనాల్సిందే. అనకపోతే నువ్వు ఇంకో తలుపు తెరుస్తావు, దాని వెనక ఉన్నది బయటికొస్తుంది. గదిలోకి అడుగుపెట్టాక చర్చలకి ఇసుక గడియారం తిప్పు. ఫోన్ టైమర్ వద్దు. ఫోన్ బయటికి తీస్తే వాట్సాప్ కూడా తెరుచుకుంటుంది.

డీజే అంటే డంజన్ జడ్జి, నువ్వు వేసే వేషం. ఆ డంజన్ కట్టినవాడు, షో నడిపేవాడు. వాడికి బోలెడు గర్వం ఉండాలి, మైకులో వెక్కిరించాలి. నువ్వు మాత్రం వెక్కిరించకు. వేషం వేరు, తీర్పు చెప్పే నువ్వు వేరు. వేషంలో ఉన్నప్పుడు నిలబడి మాట్లాడు, రూల్ చెప్పేటప్పుడు కూర్చో. మాటల్లో చెప్పకుండానే తేడా అందరికీ తెలుస్తుంది. ఈ వేషంతో ఇంకో లాభం, దేనికీ సంజాయిషీ అక్కర్లేదు. గుహలో ఈ గది ఎందుకుంది, పదడుగుల జెల్లీ ముద్ద ఇక్కడికెలా వచ్చింది అని ఎవరైనా అడిగితే "డీజే తెప్పించాడు" అంటే సరిపోతుంది. వాడికి కావలసింది వీళ్ల చావు కాదు, వచ్చేవారం రేటింగ్. మొదటి గదిలోనే స్టార్లందరూ పోతే వాడి ఉద్యోగమే పోతుంది.

గదులు ఎక్కువ గియ్యకు. నాలుగు గంటల సెషన్‌కి ఐదు గదులంటేనే ఎక్కువ, కొత్తవాళ్లతో నాలుగు చాలు. ప్రతి గదికీ బహుమతి ముందే ప్రకటించు. ఒకదాంట్లో మంత్రఖడ్గం ఉంటే ఇంకోదాంట్లో స్పాన్సర్ ఇచ్చే మిక్సీ ఉండాలి. మిక్సీ కోసం ప్రాణాలకి తెగించేవాడు ప్రతి జట్టులో ఒకడుంటాడు చూడు.

కామెంటరీ నువ్వు చెప్పకు. నీకు రాక్షసులతోనే సరిపోతుంది. ఈ ఆటలో నోగో తలుపులని ఉంటాయి. భరించలేనివాడు అందులోంచి ప్రాణాలతో బయటపడొచ్చు, కానీ ఆ పోటీలోంచి అవుటే. అలా బయటికెళ్లినవాళ్లు, పడిపోయినవాళ్లు మిగతా సెషనంతా ఖాళీగా కూర్చోవాలి కదా. వాళ్లకి మైకు ఇచ్చెయ్. ఒకడు జరిగేది చెప్పాలి, ఇంకొకడు పాత కథలూ కోతలూ కొయ్యాలి. నీ గుంపు క్రికెట్ కామెంటరీ తెలుగులో వింటుంది కాబట్టి ఎవరూ నేర్పక్కర్లేదు. రౌండ్‌కి రెండు వాక్యాలు మించొద్దని మాత్రం ముందే చెప్పు, లేకపోతే ఆపడం నీ తరం కాదు.

చావు గురించి ఆట మొదలవకముందే మాట్లాడు. క్యారెక్టర్ పోతే బాధపడేవాళ్లు ఉంటారు, పైకి చెప్పరు. డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో ఫనెల్ అని ఉంది. ఒక్కొక్కరికీ మూడు నాలుగు సున్నా లెవెల్ మనుషుల్ని, అంటే ఇంకా ఏ వీరత్వమూ లేని మామూలువాళ్లని, ఇచ్చి దింపుతారు, బతికినవాడే నీ హీరో. మొదటి ఎపిసోడ్‌ని ఆడిషన్స్‌లా అలా నడిపితే చావు అలవాటవుతుంది, నవ్వులూ వస్తాయి. నీ గుంపులో అది పడనివాళ్లుంటే పడిపోయినవాణ్ణి స్ట్రెచర్ మీద బయటికి మొయ్యించు. జనం ముందు ఓడి బయటికెళ్లడం కూడా తక్కువ శిక్షేం కాదు.

డైస్ గురించి టెన్షన్ పడకు. డీ7, డీ14, డీ30 లాంటివి దొరక్కపోతే ఫోన్‌లో వేసెయ్యండి. ఫోన్ వద్దన్నానని గుర్తుంది, డైస్ వేసే ఫోన్ నీ దగ్గరే ఒక్కటి ఉంచు. డంజన్ క్రాల్ క్లాసిక్స్ క్విక్‌స్టార్ట్ రూల్స్ ఉచితంగానే దొరుకుతాయి, పెద్ద పుస్తకం కొనేముందు అవి చదువు. నాలుగు గదుల బొమ్మ గీశాక ఫోటో తీసి పంపు. ఆదివారం మీకు రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్, ఇక్కడ నాకు పొద్దుటి పూటే. బాబాయికి మాత్రం మిక్సీ సంగతి చెప్పకు, స్పాన్సర్ నేనే అంటాడు.

ఉంటాను,
మీ పిన్ని