ముందు రుణం ముగింపు తేదీ కనుక్కోండి

సందేహం: ప్రపంచ బ్యాంకు అప్పుతో మా ప్రాంతంలో రోడ్డు వెడల్పు చేశారు. రోడ్డు పక్కన ప్రభుత్వ స్థలంలో 18 ఏళ్లుగా నడుపుకుంటున్న నా మోటారు రిపేరు షెడ్డు తీసేశారు. పట్టా లేదు కాబట్టి నష్టపరిహారం రాదని ప్రాజెక్టు ఆఫీసులో చెప్పారు. ఒక పెద్దాఫీసరు మాత్రం ‘తర్వాత చూద్దాం లెండి’ అన్నారు. రెండేళ్లుగా తిరుగుతూనే ఉన్నాను. ఈలోపు రోడ్డుకు ప్రారంభోత్సవం కూడా అయిపోయింది. నాలాంటి కుటుంబాలు 11 ఉన్నాయి. పేదల పేరు చెప్పి తెచ్చిన డబ్బులో పేదలకు హక్కు లేదా? అభివృద్ధి మనిషి హక్కని ఐక్యరాజ్యసమితే చెప్పిందట కదా? ఒకాయన వాషింగ్టన్‌లో బ్యాంకు మీద కేసు వేయిస్తానని, గెలిస్తే పావు వంతు ఇమ్మని అంటున్నారు. బ్యాంకుకు మేం ముందే ఫిర్యాదు చేసినట్టు రెండేళ్ల కిందటి తేదీతో ఒక ఉత్తరం కూడా తయారు చేసుకోమన్నారు. ముందుకు వెళ్లమంటారా? ఈ రుణాన్ని బ్యాంకు 2021లో ఆమోదించినట్టు రోడ్డు పక్క బోర్డు మీద ఉంది.
(పేరు వేయవద్దని కోరిన పాఠకుడు)

సమాధానం: మీరు పంపిన ఉత్తరం తొమ్మిది పేజీలు. షెడ్డు రేకులు లారీకెత్తిన రోజు, మీ అబ్బాయి చదువు ఆగిపోవడం, ఆఫీసరు కూర్చోమని కూడా అనకపోవడం అన్నీ వివరంగా రాశారు. రాయనిదల్లా ఆ రుణం ముగింపు తేదీ, అంటే రుణం డబ్బు డ్రా చేసుకోవడానికి బ్యాంకు పెట్టిన ఆఖరి తేదీ. మీ కేసు బతికుందో పోయిందో తేల్చేది అదే. ప్రారంభోత్సవం ఎప్పుడు జరిగింది, రిబ్బన్ ఎవరు కత్తిరించారు అన్నవి మీకు అక్కరకు రావు. రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నా రుణం ఇంకా తెరిచే ఉండవచ్చు. చివరి కిలోమీటరు పని సాగుతుండగానే అది ముగిసిపోయి ఉండవచ్చు కూడా.

ముందు మీ హక్కు సంగతి చూద్దాం. బ్యాంకు 1944లో బ్రెట్టన్‌వుడ్స్‌లో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం మీద పుట్టిన సంస్థ. ఆ ఒప్పందం ప్రకారం అది సభ్య దేశానికి అప్పిస్తుంది, లేదా ఆ దేశం హామీ ఉంటే వేరొకరికి ఇస్తుంది. మీ రోడ్డు రుణపత్రం మీద సంతకాలు రెండే ఉంటాయి: మీ ప్రభుత్వానిది, బ్యాంకుది. అది అంతర్జాతీయ ఒప్పందం. ఐక్యరాజ్యసమితి చార్టర్ 102వ అధికరణం కింద అలాంటి ఒప్పందాలను అక్కడ రిజిస్టర్ కూడా చేస్తారు. అందులో ప్రభుత్వం మాట తప్పితే బ్యాంకు డబ్బు ఆపగలదు. మీరు మాత్రం ఆ కాగితం పట్టుకుని ‘నా వాటా ఇవ్వండి’ అని దావా వేయలేరు. పేదల కోసమని పీఠికలో రాసుకున్నంత మాత్రాన పేదవాడు ఒప్పందంలో పార్టీ అయిపోడు.

అభివృద్ధి హక్కు గురించి అడిగారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1986 డిసెంబరు 4న ఆ ప్రకటన చేసిన మాట నిజమే. 146 దేశాలు అనుకూలంగా, అమెరికా ఒక్కటే వ్యతిరేకంగా ఓటేశాయి, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి. అది గొప్ప ప్రకటనే గాని, దాన్ని చూపించి కోర్టులో డిక్రీ (తీర్పు ఉత్తర్వు) తెచ్చుకోలేరు. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లో చేసిన తీర్మానానిదీ అదే గతి. ఇవ్వని దేశాన్ని ఎవరూ కోర్టుకు ఈడ్చలేదు. కొందరు వకీళ్లు దావాలో మొదటి పేరా ఈ ప్రకటనలతో నింపుతారు. ఆ పేరా జడ్జిగారు చదవరు.

ఇక వాషింగ్టన్ కేసు. ఆ పెద్దమనిషి మీకు సగం కథే చెప్పినట్టున్నారు. గుజరాత్‌లోని ముంద్రా బొగ్గు విద్యుత్ కేంద్రానికి ప్రపంచ బ్యాంకు గ్రూపులో ప్రైవేటు రంగానికి అప్పులిచ్చే సంస్థ ఐఎఫ్‌సీ 45 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. అక్కడి మత్స్యకారులు, రైతులు 2015లో అమెరికాలో కేసు వేశారు. ఇలాంటి అంతర్జాతీయ సంస్థలకు అమెరికా చట్టం కింద కోర్టు కేసుల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు 7-1 తేడాతో తీర్పు చెప్పింది. మీ మధ్యవర్తి ఇక్కడ ఆపేసి ఉంటారు. కేసు కిందికి తిరిగి వెళ్లాక 2020లో జిల్లా కోర్టు దాన్ని కొట్టేసింది. నష్టానికి మూలమైన పనులు ప్రధానంగా అమెరికా బయట జరిగాయి కాబట్టి రక్షణకున్న మినహాయింపు ఇక్కడ వర్తించదంది. 2021లో అప్పీలు కోర్టూ అదే మాట అంది. 2022లో సుప్రీంకోర్టు మళ్లీ వినడానికి ఒప్పుకోలేదు. మంచి సాక్ష్యాలు, అనుభవమున్న లాయర్లు ఉన్న కేసుకే ఏడేళ్లు పట్టి ఆ ఫలితం వచ్చింది. మీ షెడ్డు కూల్చింది అమెరికాలో కాదు. ఆయన అడిగే పావు వంతు గెలిచాక ఇచ్చేది కావచ్చు, కానీ ఖర్చులకని ముందు అడిగేది మాత్రం ఇప్పుడే మీ జేబులోంచి పోతుంది.

పాత తేదీ ఉత్తరం గురించి నెమ్మదిగా చెప్పేది ఏమీ లేదు. ఆ పని చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే దాన్ని ఎక్కడా దాఖలు చేయకండి, ఎవరి చేతికీ ఇవ్వకండి. బ్యాంకుకు ఉత్తరం వెళ్తే అక్కడ నమోదవుతుంది. రెండేళ్ల కిందట పంపామంటారు, వాళ్ల రిజిస్టరులో ఉండదు. ఆ క్షణం నుంచి మీ షెడ్డు ఫొటోలు, మీ కరెంటు బిల్లులు, నిజంగా మీ దగ్గరున్న ప్రతి కాగితాన్నీ అనుమానంగానే చూస్తారు. మిగతా 10 కుటుంబాలూ మీతోపాటు మునుగుతాయి. మీ దేశ చట్టం కింద అది నేరం కూడా అవుతుంది. అసలు ఆ దొంగ తేదీ మీకు అవసరమే లేదు. ఎందుకో చెప్తాను.

మీరు వెళ్లాల్సిన చోటు బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్. నర్మద మీది సర్దార్ సరోవర్ ఆనకట్ట విషయంలో బ్యాంకు తన నిబంధనలు తానే పాటించలేదని, బ్యాంకే వేసిన మోర్స్ కమిటీ 1992లో రాసింది. ఆ దుమారం తర్వాత 1993 సెప్టెంబరులో ముగ్గురు సభ్యులతో ఈ ప్యానెల్ పెట్టారు. 1994లో దానికి వచ్చిన తొలి ఫిర్యాదు నేపాల్‌లోని అరుణ్-3 జలవిద్యుత్ ప్రాజెక్టు మీద. మరుసటి ఏడాది బ్యాంకు ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. ప్యానెల్ అడిగేది మీ ప్రభుత్వం తప్పు చేసిందా అని కాదు. బ్యాంకు తన విధానాలు పాటించకపోవడం వల్ల మీకు నష్టం జరిగిందా అని. ఈ తేడా పట్టుకోకుండా రాసిన అర్జీలో ఆఫీసర్ల మీద తిట్లే మిగులుతాయి.

గడువు ఇక్కడే ఉంది. 2020 సెప్టెంబరు 8 నాటి బ్యాంకు తీర్మానం తర్వాత, రుణం ముగింపు తేదీ నుంచి 15 నెలల్లోపు ప్యానెల్‌కు అర్జీ చేరాలి. ముగింపు తేదీ జూన్ 30 అనుకుంటే, మరుసటి సంవత్సరం సెప్టెంబరు 30తో సరి. డబ్బులో 95 శాతం విడుదలైతే తలుపు మూసుకుంటుందని మీకు ఎవరో చెప్పారట. అది పాత పద్ధతి. మీ రుణం 2021 నాటిది కాబట్టి 15 నెలల లెక్కే మీకు వర్తిస్తుంది.

ముగింపు తేదీ తెలుసుకోవడానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. బోర్డు మీద ‘పి’ అక్షరంతో మొదలై ఆరు అంకెలున్న ప్రాజెక్టు నంబరు ఉందేమో చూడండి. బ్యాంకు వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే రుణ ఒప్పందం దొరుకుతుంది. అందులో రెండో షెడ్యూలులో, డబ్బు డ్రా చేసుకునే షరతుల దగ్గర, ముగింపు తేదీ ఒక్క వాక్యంలో ఉంటుంది. అది చూసి అక్కడే ఆగిపోకండి. తేదీ పొడిగిస్తే విడిగా సవరణ లేఖ ఉంటుంది. ఆ లేఖ చూడకుండా గడువు దాటిందని చేతులెత్తేయకూడదు, బోలెడు టైముందని పడుకోకూడదు.

రెండో తేదీ కటాఫ్ తేదీ. పట్టా లేదు కాబట్టి ఏమీ రాదన్న మాట బ్యాంకు నిబంధనల ముందు నిలవదు. 2018 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న పర్యావరణ, సామాజిక ప్రమాణాల్లో ఐదోది భూసేకరణ, పునరావాసం గురించి. అందులో భూమి మీద చట్టపరమైన హక్కు లేనివాళ్లనూ ప్రభావితులుగానే లెక్కిస్తారు. భూమి ఖరీదు రాదు. షెడ్డుకు, అందులోని కట్టుబడికి మళ్లీ కట్టుకునేంత విలువ ఇవ్వాలి, పాతబడిందని తరుగు కోయకూడదు. పోయిన జీవనాధారం తిరిగి నిలబెట్టుకోవడానికి సాయం కూడా చేయాలి. ఇదంతా స్థలం స్వాధీనం చేసుకోకముందే జరగాలి. షరతు ఒకటే. సర్వే చేసి ప్రకటించిన కటాఫ్ తేదీకి ముందు నుంచీ మీరు అక్కడ ఉండాలి. ‘18 ఏళ్లుగా ఉన్నాను’ అని మీరు 40 సార్లు రాసినా సాక్ష్యం కాదు. ఆ తేదీకి ముందటి కరెంటు బిల్లు ఒక్కటి చాలు. స్థానిక సంస్థకు కట్టిన లైసెన్సు రశీదు, షెడ్డు గోడ మీద సర్వేవాళ్లు ఎర్ర రంగుతో వేసిన నంబరు ఉన్న ఫొటో, ఇంటింటి లెక్కలో ఇచ్చిన స్లిప్పు కూడా పనికొస్తాయి. పునరావాస ప్రణాళిక పత్రాన్ని కూడా ప్రకటించి ఉండాలి. అది సంపాదించి, బాధితుల జాబితాలో మీ షెడ్డు ఉందో లేదో వెతకండి. ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే సర్వేనే సరిగా చేయలేదన్నది మీ మొదటి అభ్యంతరం.

మీ నిర్లక్ష్యం గురించి కూడా చెప్పాలి. రెండేళ్లు ప్రాజెక్టు ఆఫీసు మెట్లెక్కారు. ఆ ఆఫీసు మీ ప్రభుత్వానిది, బ్యాంకుది కాదు. అక్కడ ఇచ్చిన అర్జీ బ్యాంకుకు ఇచ్చినట్టు కాదు. ప్యానెల్ దగ్గరికి వెళ్లాలంటే ముందు బ్యాంకు యాజమాన్యానికి విషయం చెప్పామని, వాళ్ల జవాబు సరిగా లేదని చూపించాలి. మీరు ఒక్క కాగితం కూడా పంపలేదు. ప్రాజెక్టు ఆఫీసులో ఇచ్చిన నాలుగు అర్జీల్లో మూడింటికి అక్నాలెడ్జ్‌మెంట్ లేదు. నాలుగోదాని మీద రబ్బరు స్టాంపు ఉంది, తేదీ లేదు! స్టాంపు వేయించుకున్నవాళ్లు తేదీ వేయమని అడగలేకపోయారా?

అయినా దారి ఉంది. దొంగ తేదీ ఎందుకు అక్కర్లేదన్నానో ఇప్పుడు అర్థమవుతుంది. బ్యాంకుకు ఉత్తరం ఈ వారం, ఇవాళ్టి తేదీతోనే రాయండి. పాతదై ఉండాలని రూలేమీ లేదు. మీ దేశంలోని బ్యాంకు ఆఫీసుకు ఒక ప్రతి రశీదు ఇచ్చే పోస్టులో, బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఇంకో ప్రతి ఈమెయిల్‌లో పంపండి. ఒక్క పేజీ చాలు. షెడ్డు ఎప్పుడు తీశారు, ఏమీ ఇవ్వకుండా తీశారు, ఐదో ప్రమాణం ప్రకారం ఏం రావాలి, ఎన్ని రోజుల్లో జవాబు కావాలి, అంతే రాయండి. మీ అబ్బాయి చదువు సంగతి జీవనాధారం పోయిందన్నచోట ఒక వాక్యంలో వస్తే సరిపోతుంది. జవాబు రాలేదని గడువు దాటేదాకా కూర్చోకండి. 15 నెలలు దగ్గరపడుతుంటే, ఆ ఉత్తరం నకలు, పోస్టల్ రశీదు జత చేసి ప్యానెల్‌కు అర్జీ వేసేయండి.

ఒక్కరే వేస్తే ప్యానెల్ తీసుకోదు. ఒకే రకం నష్టం జరిగినవాళ్లు కనీసం ఇద్దరుండాలి. మిగతా కుటుంబాలు భయపడుతున్నాయని రాశారు. పేర్లు గోప్యంగా ఉంచమని అడగవచ్చని వాళ్లకు చెప్పండి. పేర్లు లేని ఆకాశరామన్న అర్జీ మాత్రం చెల్లదు. సొంతంగా రాసేవాళ్లు తమ భాషలోనే రాసుకోవచ్చు, అనువాదానికి డబ్బు తగలేయకండి.

ప్యానెల్ నష్టపరిహారం డిక్రీ ఇవ్వదు. విచారణలో తప్పు తేలితే దిద్దుబాటుకు బ్యాంకు యాజమాన్యం ఏం చేస్తుందో ప్రణాళిక ఇస్తుంది. విచారణకు డైరెక్టర్ల బోర్డు ఒప్పుకున్నాక, ఇరుపక్షాలకూ ఇష్టమైతే రాజీ చర్చలకు ఏడాది సమయం, కావాలంటే ఇంకో ఆరు నెలలు ఇస్తారు. మీలాంటి కేసుల్లో చేతికి ఏదైనా వచ్చే అవకాశం ఎక్కువగా ఆ బల్ల దగ్గరే. అక్కడ సంతకం పెట్టేముందు కాగితం మీ స్థానిక వకీలుకు చూపించండి. రాజీ కుదిరితే ఆ అంశం మీద విచారణ ఉండదు.

ఆ వకీలును ఇంకో పని మీద కూడా ఈ వారమే కలవాలి. మీ దేశ చట్టం కింద ప్రభుత్వం మీద వేయాల్సిన దావాకు వేరే లిమిటేషన్ (దావా వేయడానికి గడువు) ఉంటుంది. ప్యానెల్‌లో అర్జీ ఉంది కదా, ఆ గడువు ఆగుతుందిలే అనుకోకండి. రెండు గడియారాలూ విడివిడిగా నడుస్తాయి. రుణంతోపాటు ప్రభుత్వం ఒప్పుకున్న పర్యావరణ, సామాజిక హామీల ప్రణాళిక ఒకటి ఉంటుంది. దాని మీద మీరు నేరుగా హక్కు అడగలేరు గాని, ప్రభుత్వం తానే ఇచ్చిన మాటకు సాక్ష్యంగా మీ కోర్టులో దాఖలు చేయవచ్చు. దాని ప్రింటు తీసుకుని వెళ్లండి.

మీరు పంపిన జిరాక్సుల్లో ఏడోది సర్వేవాళ్ల స్లిప్పు. ముందు వైపు మాత్రమే తీశారు. అందులో మీ పేరు, షెడ్డు కొలతలు ఉన్నాయి, తేదీ కనబడటం లేదు. వెనక వైపు నుంచి సిరా మరక ఇటు దిగినట్టుంది, కాబట్టి అక్కడ సంతకమో తేదీయో ఉండి ఉండాలి. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, ముఖ్యంగా ఆ మధ్యవర్తికి. రెండు వైపులా జిరాక్స్ తీసి, బ్యాంకుకు రాసే ఉత్తరానికి మొదటి జతపత్రంగా పెట్టండి.