ఎఫ్1 కారు నడపడంలో అంత కష్టం ఏముంది? కారు బాగుంటే ఎవరైనా గెలుస్తారు కదా?

అడిగినవారి అనుమానం ఇది: ఎదురుగా ట్రాఫిక్ ఉండదు, గేర్లు వేలితో నొక్కితే పడతాయి, పవర్ స్టీరింగ్ ఉంటుంది, ఇక డ్రైవర్ చేసేదేమిటని. హైదరాబాద్‌లో 2023లో జరిగిన ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేస్ చూసొచ్చి మా బావ కూడా ఇదే అన్నాడు. సగం నిజమే. కారులో సత్తా లేకపోతే ఎంత తోపు డ్రైవరైనా చేయగలిగేది తక్కువ. మిగతా సగం బ్రేక్ పెడల్ దగ్గర ఉంది. మనం టీవీలో స్పీడు చూసి నోరెళ్లబెడతాం గానీ, తిన్నగా ఉన్న చోట గంటకి మూడొందల కిలోమీటర్లలో పోవడం వాళ్లకి పెద్ద పనేం కాదు. తగ్గించడమే పని.

నేను చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో శ్రీపెరంబుదూర్ దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఒక చిన్న టీమ్‌కి డేటా చూసిపెట్టేవాణ్ని. మావి ఎఫ్1 కార్ల ముందు బొమ్మల్లాంటివే. అయినా బ్రేక్ ప్రెషర్ గ్రాఫ్ చూస్తే డ్రైవర్ ఎలాంటివాడో చెప్పేయొచ్చు. కొత్త కుర్రాళ్ల గీత మెల్లగా పైకెక్కి, మలుపు దగ్గరపడ్డాక శిఖరానికి చేరుతుంది. పూనమల్లి హైరోడ్డు మీద మనం తొక్కేది కూడా అలాగే కదా, ముందు కాస్త, తర్వాత గట్టిగా. ఆరితేరినవాడి గీత నిట్టనిలువుగా లేచి, అక్కణ్నుంచి మలుపు లోపలిదాకా ఏటవాలుగా దిగుతుంది.

కారణం గాలి. రెక్కలు, కారు అడుగుభాగం కలిసి కారును నేలకేసి అదుముతాయి. ఆ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. 300 నుంచి 150కి పడితే ఒత్తిడి సగం కాదు, పావు వంతే మిగులుతుంది. అంటే బ్రేక్ తొక్కిన మొదటి క్షణంలోనే పట్టు ఎక్కువ, తర్వాత క్షణక్షణం తగ్గిపోతుంది. ఎంత తగ్గితే పాదం అంత సడలించాలి. ఆలస్యమైతే చక్రం లాక్ అయ్యి, అంటే తిరగడం ఆగి జారిపోయి, టైరు ఒకచోట చదునుగా అరిగి, ఇక ప్రతి ల్యాప్‌లోనూ వణుకే. చక్రం అలా లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఎఫ్1లో 1994 నుంచి నిషేధం, కాపాడేవాళ్లు ఎవరూ లేరు. పైగా ఇదంతా ఎడమ కాలితో. మన ఎడమ కాలికి క్లచ్ ఠపీమని తొక్కడమే తెలుసు, సున్నితం ఎక్కడిది?

ఆగి ఉన్న కారులో ఒకసారి నన్నూ కూర్చోబెట్టారు. మన కార్లలోలా పాదం బలాన్ని పెంచే బూస్టర్ లేని పెడల్, గోడను తన్నినట్టే ఉంది. ఎఫ్1 డ్రైవర్లు గట్టి బ్రేకింగ్‌లో వంద కిలోల పైన బలం పెడతారు, అదీ ల్యాప్ ల్యాప్‌కీ. ఆ క్షణంలో ఒంటి మీద 5జీ దాకా, అంటే తన బరువుకి ఐదు రెట్ల దాకా బలం పడుతుంది.

ఇక ఇంజనీర్ల తలనొప్పి. కార్బన్ డిస్కులు చల్లగా ఉంటే సరిగా పట్టవు, వేడెక్కితే వెయ్యి డిగ్రీల దాకా పోతాయి. వెనక బ్రేకులతో పాటు కరెంటు మోటారు కూడా కారును లాగి ఆపుతూ బ్యాటరీ నింపుతుంది. ఆ మోటారు లాగుడు తగ్గినా పెరిగినా పెడల్ కింద తేడా తెలియకుండా కంప్యూటర్ సర్దాలి. 2026 నిబంధనలతో ఆ మోటారు 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది, కాబట్టి ఈ సర్దుబాటు ఇంకా కీలకం. బ్రేక్ బలం ముందు చక్రాలకెంత, వెనకకెంత అన్నది డ్రైవర్ స్టీరింగ్ మీది మీటలతో మలుపు మలుపుకీ మార్చుకుంటాడు. 2021 బాకూ రేస్‌లో హామిల్టన్ చెయ్యి పొరపాటున అలాంటి మీటకే తగిలింది. బ్రేక్ బలం చాలావరకు ముందు చక్రాలకే పోయి, ఆగిన రేస్ మళ్లీ మొదలయ్యాక మొదటి మలుపులో తిన్నగా బయటకి వెళ్లిపోయాడు. ఏడుసార్లు చాంపియన్, ఆ రోజు ఒక్క పాయింటు రాలేదు.

మెడ మీద పడే భారం, కారులోని వేడి సంగతి అందరూ చెప్పేదే. 2023 ఖతార్ రేస్‌లో ఒకాన్ అనే డ్రైవర్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు, సార్జెంట్ అనే మరో డ్రైవర్ మధ్యలో ఆపేశాడు. అంతకన్నా చెప్పక్కర్లేదు.

'ఎవరైనా గెలుస్తారు' అన్నదానికి జవాబు కావాలంటే ఒకే టీమ్‌లోని ఇద్దర్ని పోల్చండి. మా దగ్గర ఒకే కారును ఇద్దరు కుర్రాళ్లకి ఇచ్చి గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెట్టేవాళ్లం. స్ట్రెయిట్‌లో గీతలు దాదాపు కలిసిపోయేవి. టైమ్ తేడా చాలావరకు బ్రేక్ వదిలే చోటే తేలేది. ఈసారి రేస్ పెట్టుకున్నప్పుడు కారు మీదుండే ఆన్‌బోర్డ్ కెమెరాలో ఇటలీలోని మోంజా ట్రాక్ మొదటి మలుపు చూడండి, స్పీడు అంకె వంద లోపుకి ఎంతసేపట్లో పడిపోతుందో.