ఎన్ఎఫ్ఎల్ రెఫరీలు క్వార్టర్‌బ్యాక్‌లలో కొందరినే ఎక్కువ కాపాడతారా?

కాపాడతారు. అయితే మీరు అనుమానిస్తున్న చోట కాదు. (ఎన్ఎఫ్ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టులో బంతి విసిరేవాడు.) "బ్రేడీని ముట్టుకుంటే జెండా, క్యామ్ న్యూటన్‌ని చితక్కొట్టినా చూడనట్టే ఉంటారు, ఇది పక్షపాతం కాదా?" అని అడిగారు కదా, అందులో సగం నిజం ఉంది. ఇద్దరూ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లే, జెండా అంటే రెఫరీ తప్పు పట్టి విసిరేది.

ముందు తెల్లటోపీ సంగతి. మైదానంలో ఏడుగురు అధికారులుంటే తెల్లటోపీ ఒక్క రెఫరీకే. ఆయన క్వార్టర్‌బ్యాక్ వెనకాల 10-12 యార్డుల దూరంలో, విసిరే చేతి వైపు నిలబడతాడు. బంతి గాల్లోకి లేవగానే స్టేడియం మొత్తం దాని వెంటే చూస్తుంది. ఆయన మాత్రం విసిరినవాడి మీంచి కళ్లు తిప్పకూడదు. ఆ క్షణంలో "బంతి పోయింది" అని అరిచే రెఫరీలు కూడా ఉన్నారు, మీదికొస్తున్నవాడు తగ్గుతాడని. తగ్గడానికి అతనికి దక్కేది ఒకే ఒక్క అడుగు. ఆ తర్వాత గుద్దితే రఫింగ్, అంటే విసిరేవాణ్ని మోటుగా కొట్టడమనే తప్పు. శిక్ష 15 యార్డులు, పైగా ఫస్ట్ డౌన్, అంటే బంతి ఉన్న జట్టుకి మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇక్కడే తికమక. అక్కడ అనుమానమొస్తే లాభం బ్యాటర్‌ది, అవుటివ్వరు. ఇక్కడ అనుమానమొస్తే రఫింగ్ ఇచ్చెయ్యమని రూలు పుస్తకమే చెబుతుంది. కాబట్టి "అంత చిన్నదానికి జెండానా?" అని రెఫరీని తిట్టి లాభం లేదు. ఆయన చేస్తున్నది రాసిపెట్టిన పనే.

మరి పేరున్నవాడికి లాభం ఎక్కడంటే, ఆ రూలు రాసే దగ్గర. 2006 జనవరి ప్లేఆఫ్ మ్యాచ్‌లో కార్సన్ పామర్ మోకాలు పోయింది, ఆ ఏడాదే కింద దెబ్బల మీద నిబంధన బిగించారు. 2008 సీజన్ మొదటి మ్యాచ్‌లో నేలమీదున్న బెర్నార్డ్ పొలార్డ్ ముందుకు దూకి బ్రేడీ కాలికి తగిలాడు, బ్రేడీకి ఆ సీజన్ అక్కడితో సరి. 2009కల్లా కింద పడున్నవాడు అలా దూకకూడదని వచ్చింది. జనం దాన్ని ఇప్పటికీ బ్రేడీ రూలనే అంటారు. 2017లో ఆంథొనీ బార్ మీదపడి ఏరన్ రాడ్జర్స్ కాలర్‌బోన్ విరిగింది. 2018లో ఒంటి బరువంతా వేసి పడితే జెండా తప్పదని గట్టిగా చెప్పారు. పేరులేనివాడి ఎముక విరిగితే రూలు రాసే కమిటీ ఇంత తొందరపడేదా అంటే, నా మటుకు నాకు నమ్మకం లేదు.

రూలు వచ్చాక మాత్రం అది అందరిదీ. 2022 అక్టోబరు 9 చూడండి. టాంపాలో బక్స్ 21, ఫాల్కన్స్ 15. మ్యాచ్‌లో ఇంకా మూడు నిమిషాలుంది, ఫాల్కన్స్ 21-0 నుంచి లేచి వచ్చారు. బక్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రేడీకి థర్డ్ డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోది. ఫాల్కన్స్ డిఫెండర్ గ్రేడీ జారెట్ దొరకబుచ్చుకుని, నడుం చుట్టూ చేతులేసి, తిప్పి పడేశాడు. తలకి తగల్లేదు, మోకాలి జోలికి పోలేదు, ఆలస్యమూ లేదు. బంతి ఇంకా బ్రేడీ చేతిలోనే ఉంది. బంతి ఫాల్కన్స్ చేతికి రావాల్సిన చోట రెఫరీ జెరోమ్ బోగర్ జెండా విసిరాడు. పాకెట్‌లో, అంటే తనవాళ్ల కాపలా మధ్య, ఉన్నవాణ్ని అనవసరంగా నేలకేసి విసిరాడన్నది ఆయన వివరణ. బక్స్ గడియారం కరిగించేసి గెలిచారు. లేస్తూ లేస్తూ బ్రేడీ జారెట్ మీదికి కాలు విసిరాడు, దానికి జెండా లేదు. తర్వాత లీగ్ జరిమానా వేసింది లెండి, స్కోరు మారదుగా.

ఇక్కడితో ఆపేస్తే మీ వాదనే గెలుస్తుంది. మర్నాడు రాత్రి కాన్సాస్ సిటీలో ఏమైందో కూడా చూడాలి. చీఫ్స్ డిఫెండర్ క్రిస్ జోన్స్ వెనకనుంచి రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ చేతిలోని బంతి ఊడగొట్టి, తనే పట్టుకుని, పడేటప్పుడు ఎడమ చెయ్యి నేలకి ఆనించి బరువు ఆపుకోబోయాడు. అయినా రెఫరీ కార్ల్ చెఫర్స్ జెండా విసిరాడు, ఒంటి బరువంతా వేశాడని. కార్‌ని ఎవరైనా లీగ్ ముద్దుబిడ్డ అంటారా? పైగా అవతలి జట్టు చీఫ్స్, అదీ సొంత మైదానంలో. అంతకు పదకొండు రోజుల ముందే సిన్సినాటిలో తలకి దెబ్బ తగిలి క్వార్టర్‌బ్యాక్ తువా టాగోవైలోవాని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. లీగ్ ఏ వారం దేనికి భయపడుతుందో ఆ వారం జెండాలు దానికే ఎక్కువ పడతాయి. రెఫరీల ప్రతి నిర్ణయానికీ లీగ్ మార్కులు వేస్తుంది, మార్కులు బాగుంటేనే ప్లేఆఫ్స్ దక్కుతాయి. ఆ మాటకొస్తే, వీళ్లలో చాలామందికి వారం మధ్యలో వేరే ఉద్యోగాలున్నాయి. ఇంత డబ్బున్న లీగ్ వీళ్లని పూర్తికాలం పెట్టుకోలేదా అన్నది వేరే గోల.

ఇక న్యూటన్. అతనికి అన్యాయం జరిగిందనే అంటాను. 2016 సీజన్ తొలి రాత్రి డెన్వర్‌లో అతని హెల్మెట్‌కి దెబ్బ మీద దెబ్బ తగిలింది. ఒకసారి జెండా పడినా, అతని ఇంటెన్షనల్ గ్రౌండింగ్ తప్పుతో (పట్టుబడకుండా బంతిని ఖాళీ చోటికి విసిరెయ్యడం) చెల్లుకు చెల్లయిపోయింది. అదే ఏడాది అక్టోబరులో కార్డినల్స్ మ్యాచ్‌లో కాలేస్ క్యాంప్‌బెల్ మోకాళ్ల దగ్గర కొడితే జెండా లేదు. లీగ్ మాత్రం ఆ వారంలోనే జరిమానా వేసింది, అంటే తప్పని తెలుసు. ఆ మ్యాచ్ తర్వాతే న్యూటన్ తనకి రక్షణ లేదని బాహాటంగా చెప్పి, కమిషనర్ గూడెల్‌తో మాట్లాడతానన్నాడు.

ఇందులో రెండు కారణాలు కలిసిపోయాయి. ఒకటి రూలుది. పాకెట్ దాటి పరిగెడుతూ విసిరితే ఆ ఒక్క అడుగు రక్షణ పోతుంది, కింద దెబ్బల రక్షణా పోతుంది, తలకి దెబ్బల్లాంటి మిగతావాటి నుంచి రక్షణ మిగులుతుంది. ఆగి మళ్లీ విసిరే భంగిమలోకి వస్తే అన్నీ తిరిగొస్తాయి. రీడ్ ఆప్షన్‌లో, అంటే బంతి పక్కవాడికివ్వాలా తనే పరిగెత్తాలా అని క్వార్టర్‌బ్యాక్ ఆఖర్లో తేల్చుకునే ఎత్తులో, బంతి ఇచ్చినట్టు నటించేవాణ్ని రన్నర్‌లాగే కొట్టొచ్చు. న్యూటన్ ఆటంతా అక్కడే. రెండోది రెఫరీ కన్నుది. ఆరడుగుల ఐదంగుళాలు, 245 పౌండ్లు. అదే దెబ్బకి సన్నటివాడు ఎగిరిపడతాడు, న్యూటన్ ఊగి నిలబడేవాడు. వెనకనుంచి చూసేవాడు దెబ్బ బరువుని పడ్డవాడి ఒంటిని బట్టే అంచనా వేస్తాడు. నిజమైన పక్షపాతం ఉందంటే ఇదే, పేరుది కాదు, ఒడ్డూపొడుగుది.

చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ఇందుకు తలకిందులు. 2025 జనవరిలో టెక్సన్స్‌తో ప్లేఆఫ్‌లో పరిగెత్తి పరిగెత్తి, చివరి క్షణంలో స్లైడ్ చేశాడు, అంటే దెబ్బ తగలకుండా తనే నేలమీదికి జారాడు. వచ్చిన ఇద్దరు డిఫెండర్లూ ఒకరినొకరు గుద్దుకున్నారు, అతనికి సరిగ్గా తగల్లేదు కూడా. అయినా జెండా. కామెంటరీలో ఉన్న ట్రాయ్ ఐక్‌మన్, తనే మాజీ క్వార్టర్‌బ్యాక్, ఊరుకోలేకపోయాడు. కాళ్లు ముందుకు చాచి స్లైడ్ మొదలెడితే డిఫెండర్ ఆగాల్సిందే. కానీ అప్పటికే గాల్లోకి లేచిన 240 పౌండ్ల మనిషి ఎక్కడ ఆగుతాడు? మహోమ్స్‌కి ఈ లెక్క బాగా తెలుసు, పక్క గీత దగ్గర అడుగు తగ్గించి డిఫెండర్‌ని ఊరిస్తాడు. కాలేజీ ఆటలో 2021లో కెన్నీ పికెట్ స్లైడ్ చేయబోతున్నట్టు నటించి 58 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ కొడితే, ఇకనుంచి అలా నటిస్తే బంతి అక్కడే ఆగినట్టని రోజుల్లోనే తేల్చేశారు. ఎన్ఎఫ్ఎల్‌కి ఆలస్యంగా స్లైడ్ చేసేవాడి మీద ఆ చురుకుదనం ఏదీ?

కోచ్ సవాలు చేద్దామన్నా రఫింగ్ పిలుపు మీద ఎర్ర జెండా చెల్లదు. 2023లో ర్యామ్స్ ఆ అవకాశం అడిగారు, ఓనర్లు ఒప్పుకోలేదు.